గన్ లైసెన్సు వచ్చాక కూడా శిక్షణ అవసరమా?

అవసరమే, ఆయుధం దగ్గరుంచుకున్నన్నాళ్లూ సాధన చేయడం యజమాని నైతిక బాధ్యత. హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్ ఇచ్చే లైసెన్సు ఆయుధం ఉంచుకోవడానికి అనుమతి మాత్రమే. 2016 ఆయుధ నిబంధనలు అడిగే భద్రతా శిక్షణ కూడా తొలి మెట్టే. సాధన లేకపోతే చెయ్యి వరుస మరిచిపోతుంది.

పిస్టల్ ఖాళీ చేయడమే చూడండి. గొట్టం జనం లేని వైపు ఉంచి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా, ముందు మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీయాలి. తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి, పేలే తూటా కూర్చునే గది అయిన ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడమాలి. వరుస తిరగబడి ముందే స్లైడ్ లాగి వదిలితే, మ్యాగజైన్‌లోని తూటా ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది.

“మ్యాగజైన్ తీశాం కదా, ఖాళీయే” అన్నది మామూలుగా వినిపించే అపోహ. ఛాంబర్‌లో మిగిలిన ఆ ఒక్క తూటా చాలా పిస్టళ్లలో మ్యాగజైన్ లేకున్నా పేలుతుంది. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చే సరదా సంగతి సరేసరి: ప్రాణాలకు ముప్పు తెస్తే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.