నాలుగుసార్లు ఒకే కొలత వస్తే అది సరైన కొలతేనా?

ఒకే దూరాన్ని టేపుతో నాలుగుసార్లు కొలిచి సగటు తీస్తే దోషం పోయినట్లేనా అని మీరు అడిగారు. ఒక రకం దోషం తగ్గుతుంది, ఇంకొక రకం అలాగే ఉండిపోతుంది. ఈ తేడా నాకు పాఠంలో కంటే ఒక మే నెల మధ్యాహ్నం పనిచోట బాగా అర్థమైంది.

ఒక ప్రహరీ గోడకు హద్దు గుర్తించడానికి 30 మీటర్ల ఉక్కు టేపును నేల మీద పరిచి, 300 మీటర్ల దూరాన్ని నాలుగుసార్లు కొలిచాము. కొలతల మధ్య తేడా ఒకటిన్నర సెంటీమీటరు దాటకపోవడంతో పని చక్కగా కుదిరిందని నమ్మాము. తరువాత కాంతి కిరణంతో దూరం కొలిచే పరికరమైన టోటల్ స్టేషన్‌తో సరిచూస్తే అదే దూరం సుమారు 9 సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. టేపు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరైన పొడవు చూపేలా తయారైనది. ఆ ఎండకు అది దాదాపు 45 డిగ్రీలకు వేడెక్కింది. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 11.6 వంతులు సాగుతుంది కాబట్టి, టేపు 8.7 మిల్లీమీటర్లు పెరిగింది. పొడవు పెరిగిన టేపు అసలు దూరాన్ని తగ్గించి చూపుతుంది. పది టేపులకు ఆ లోటు 8.7 సెంటీమీటర్లయింది.

ఇది సంచిత దోషం. ప్రతిసారీ ఒకే వైపుకు జరుగుతూ, టేపుల సంఖ్యతో పాటే పెరుగుతుంది. గుర్తు పెట్టడంలోనూ, టేపును లాగే బలంలోనూ వచ్చే చిన్న చిన్న తేడాలు ఒకసారి ఎక్కువవైపు, ఒకసారి తక్కువవైపు పడి చాలావరకు సర్దుకుంటాయి. టేపుకు 3 మిల్లీమీటర్ల చొప్పున అటూ ఇటూ తేడా వస్తే పది టేపులకు అది 30 కాదు, పది వర్గమూలంతో గుణించగా వచ్చే 9.5 మిల్లీమీటర్లు మాత్రమే. నాలుగు కొలతల సగటు దీన్ని సగానికి తగ్గిస్తుంది. వేడి వల్ల వచ్చిన లోటును మాత్రం ముట్టుకోదు. ఇక ఒక టేపు లెక్కలో తప్పిపోవడం, 6ను 9గా రాసుకోవడం వంటివి దోషాలు కావు, పొరపాట్లు. వాటిని సగటులో కలపకూడదు, కొట్టివేసి మళ్లీ కొలవాలి.

కనుక సంచిత దోషాన్ని పట్టుకోవాలంటే కొలతను అదే తీరులో మళ్లీ చేయడం కాకుండా, తీరునే మార్చాలి. కోణాలు కొలిచే థియోడొలైట్‌ను రెండు ముఖాలతోనూ (దుర్బిణిని తిరగేసి రెండోసారి కూడా) చదవడం, ఎత్తుల తేడా కొలిచే లెవలింగ్‌లో వెనుక, ముందు చూపుల దూరాలు సమానంగా ఉంచడం ఇందుకే. టోటల్ స్టేషన్‌లో ప్రిజం స్థిరాంకం (కాంతిని తిప్పి పంపే ప్రిజం కోసం ప్రతి దూరానికీ కలిపే సవరణ) తప్పుగా ఇచ్చారని అనుమానం ఉంటే, ఒకే సరళరేఖపై మూడు బిందువులు తీసుకుని రెండు ముక్కలను విడివిడిగా, మొత్తాన్ని ఒకేసారి కొలవండి. స్థిరాంకపు తప్పు ముక్కల మొత్తంలో రెండుసార్లు, పూర్తి దూరంలో ఒకసారి చేరుతుంది. అందువల్ల ఆ రెండింటి మధ్య తేడా ఆ తప్పుకు సమానంగా బయటపడుతుంది.