ఏట్లో దిగి గాలం వేసేటప్పుడు ఊతకు మడత కర్ర మంచిదా, ఒంటి కర్ర మంచిదా?

అడిగినవారు రెండింటి మధ్య ఊగుతున్నారు: ముక్కలుగా మడిచి నడుముకు తగిలించుకునే అల్యూమినియం కర్ర కొనాలా, ఒకటే ముక్కగా ఉండే మామూలు కర్ర చాలా అని. ఒంటి కర్రే. మడత కర్ర నన్ను నీళ్లలో పడేసింది కాబట్టి ఈ విషయంలో నాతో వాదించకండి.

ఆ పొద్దు అవతలి గట్టు కింద మడుగులో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. మోకాళ్ల దాకా వస్తాయేమోలే అని దిగాను. తేట నీళ్లు చేసే మోసమే అది. పైనుంచి మూడడుగులనిపించే లోతు నిజానికి నాలుగడుగులు ఉంటుంది. వక్రీభవనం పాఠం బట్టీపట్టి పరీక్ష రాసినవాణ్ణే, ఏట్లో మాత్రం గుర్తు రాలేదు. సగం దూరం పోయేసరికి తొడలు మునిగాయి. కాళ్ల కింద గుండ్రాళ్లు, వాటి మీద సబ్బు రుద్దినట్టు పాచి. అప్పుడు గుర్తొచ్చింది నడుముకున్న కర్ర.

కుడిచేతిలో గాలపు కర్ర. ఎడమచేత్తో ఒరలోంచి మడత కర్ర లాగి విదిలించాను. లోపల సాగే తాడు ఉంటుంది, విదిలిస్తే ముక్కలు వాటంతటవే ఒకదాంట్లోకి ఒకటి దిగాలి. మూడు దిగాయి. నాలుగోది ఇసుక అడ్డుపడి అంచు మీదే ఆగింది, నేను చూసుకోలేదు. ప్రవాహం తోస్తుంటే ఒళ్లంతా దాని మీదే ఆన్చాను. చటుక్కున మడుచుకుపోయింది. గట్టు మీద నుంచి మా తమ్ముడు "అన్నయ్యా, వెనక్కి తిరక్కు, తిరక్కు!" అని అరుస్తూనే ఉన్నాడు. నేను తిరగనే తిరిగాను. అప్పటిదాకా ప్రవాహానికి పక్కవాటుగా నిలబడ్డవాణ్ణి, వీపంతా దానికి అప్పజెప్పాను.

కొంచెం దిగువనే ఇసుకమేట తగిలింది గనక టోపీ, ఒక డబ్బా గాలాలు పోవడంతో సరిపోయింది. వేడర్ల (నీళ్లు చొరకుండా పాదాల నుంచి ఛాతీ దాకా వేసుకునే తొడుగు) మీద బెల్టు బిగించి ఉండటం నా అదృష్టం, లేకపోతే లోపలికి చేరిన నీళ్లతో లేవడమే గండమయ్యేది. ఆ మడత కర్ర ఇప్పుడు పూలకుండీలో తీగకు ఊతంగా ఉంది. నాలుగో ముక్క ఈనాటికీ పూర్తిగా దిగలేదు.

"గట్టు మీదే విప్పుకుని దిగాలి, కీళ్లలో ఇసుక కడుగుతుండాలి" అని మడత కర్రలవాళ్లు అంటారు. నిజమే. గట్టు మీదే విప్పుకునేటట్టయితే ఇక మడతెందుకండీ? మైళ్లు నడిచి వెళ్లేవాళ్లకు మోత తగ్గుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. కొండలెక్కే కర్ర ఇంట్లో ఉందిగా అనేవాళ్లు మరికొందరు. తిప్పి బిగించే రకమైతే ఏట్లోకి తేకండి, మన బరువు పడేసరికి పట్టు జారి పొట్టిదైపోతుంది. దాని మొన దగ్గర ఉండే బిళ్లలాంటి చక్రం రాళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది కూడా.

పొడవు దగ్గర మాత్రం దాదాపు అందరూ పప్పులో కాలేస్తారు. నేల మీద నిలబడి నడుము ఎత్తుకు కొలుచుకుంటారు. ఏట్లో కర్ర మొన మీ పాదాలకంటే ముందు, మీ పాదాలకంటే లోతుకు పోవాలి కదా! చంకకు తగిలేంత ఉండాలి. నేను కాస్త పొడగరిని, నాది నాలుగున్నర అడుగులు. బోలు లేని గట్టి వెదురు, ఆరేళ్లుగా అదే. అల్యూమినియం వంగుతుంది, కార్బన్ ఫైబర్ వంగకుండా ఒక్కసారే పుటుక్కుమంటుంది, వెదురు ముందుగా చిటపటలాడి కబురు చెబుతుంది. కాకపోతే తేలిక కర్రను నీళ్లు పక్కకు లాగేస్తాయి. అందుకే మొనకు ఇనుప పొన్ను వేయించాను.

పొన్ను వేయించాక చేపలు పడటం తగ్గింది. తమ్ముడు నా చేతి నేర్పు తగ్గిందన్నాడు గానీ, నాకు తెలుసు, అది టక్కుటక్కుమనే చప్పుడు వల్లే. నీళ్లలో శబ్దం గాల్లోకన్నా నాలుగింతల వేగంతో పోతుంది, చేపకు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా కదలికల్ని పసిగట్టే గీత ఉంటుంది. రాతిని ఇనుముతో కొడుతూ నడిస్తే ఇంకేం మిగులుతుంది? పొన్ను మీద రబ్బరు తొడుగు వేసి జిగురుతో అతికించండి.

ఇంకొకటి, ఆకుపచ్చ, మట్టిరంగు కలిపి అడవి రంగులు పూసే కర్రలు ఎవరికోసమో నాకర్థం కాదు. చెయ్యి జారితే కనబడొద్దా? నా కర్ర పైభాగానికి ఎర్ర రంగు వేశాను.

నడిచేటప్పుడు కర్రను ఎగువ వైపు నాటి దాని మీదికి కాస్త వాలండి. రెండు కాళ్లు, కర్ర కలిపి మూడు కాళ్లు. వాటిలో ఒక్కటే కదలాలి, మిగతా రెండూ పాతుకుని ఉండాలి. కాలు మీద కాలు దాటించకండి, ఈడ్చండి. నీటి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది, కాబట్టి నిన్న దాటిన చోటే అని ధీమాగా దిగొద్దు.

కర్రకు తాడు కట్టి నడుముకు తగిలించుకుంటే గాలం వేసేటప్పుడు అదే దిగువన తేలుతూ ఉంటుంది. కానీ బిగుసుకునే ముడి వేయకండి. కర్ర రాళ్ల మధ్య ఇరుక్కుంటే మిమ్మల్నీ అక్కడే కట్టిపడేస్తుంది. కొస పట్టి ఒక్క చేత్తో లాగితే ఊడొచ్చే జారుముడి వేయండి, దాన్నీ గట్టు మీద రెండుసార్లు లాగి చూసుకునే దిగండి.