ఒక్క బీరు తాగి నాలుగు రోజులుగా నిద్ర లేదన్నారు: సమాధానం

మిమ్మల్ని తినేస్తున్నది ఆఫీసు పార్టీలో తాగిన బీరు కాదు, అమ్మ ఫోన్ చేస్తే "ఇంకా పనిలోనే ఉన్నా" అన్న అబద్ధం.

మీది నెల్లూరు వైపు అన్నారుగా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా అది. ఆ తరం అమ్మలకు మందు వాసనంటే కూలి డబ్బులు ఇంటికి చేరని రాత్రి. ఆ భయమే మీకూ అంటింది.

1. ఎంత తాగారు, మళ్లీ కావాలనిపించిందా? మీకు మీరు నిజం చెప్పుకోండి.

2. అందరూ దాటేసేది ఇదే: అమ్మకు మీరే చెప్పండి. ఫోన్‌లో వద్దు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, "అమ్మా, ఆ రోజు ఒక బీరు తాగాను, నీకు అబద్ధం చెప్పాను" అనండి. అక్కడే ఆగండి. "అందరూ తాగుతున్నారు" అనొద్దు. తిట్టినా ఏడ్చినా పూర్తిగా విన్నాకే లేవండి.

3. మనసు మాటిమాటికీ మందు మీదకే పోతుంటే మాత్రం డాక్టర్‌ని కలవండి.