బియ్యం డబ్బాలో ఉపగ్రహం

ప్రశ్న: మా మామయ్యగారికి 68 ఏళ్లు. 2000 నోట్లలో చిప్పు ఉందని, ప్రభుత్వం పైనుంచి మన డబ్బు లెక్క చూస్తోందని ఆయన నమ్మకం. 14 నోట్లు అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి బియ్యం డబ్బాలో దాచారు. బ్యాంకు మాటెత్తితే ‘దొరికిపోతాం’ అంటారు. మా వారు భోజనాల దగ్గర ఎగతాళి చేస్తే, ఆయన కంచం ముందు నుంచి లేచిపోతున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.

జవాబు: ముందు మీ వారి ఎగతాళి ఆపించండి. మనవల ముందు నవ్వులపాలైన పెద్దమనిషి పొరపాటు ఒప్పుకోడు, ఇంకో పొర ఫాయిల్ చుడతాడు.

ఈ పుకారు 2016 నవంబరు నాటిది. నోటు భూమిలో 120 మీటర్ల లోతున ఉన్నా ఉపగ్రహానికి కనబడుతుందని వాట్సాప్‌లో తిరిగింది. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అవి సంకేతం పంపడమే తప్ప మన దగ్గర్నుంచి ఏమీ తీసుకోవు. ఎక్కడున్నదీ తిరిగి చెప్పాలంటే నోటుకు బ్యాటరీ, ప్రసార యంత్రం కావాలి. నోటు వెనక మంగళయాన్ బొమ్మ ఉన్న మాట నిజమే, బొమ్మ వరకే!

ఇది ఉపన్యాసంలా చెప్పకండి. ఒక నోటు వెలుగులో పట్టి, ‘మామయ్యా, దీనికి చార్జింగ్ ఎక్కడ పెడతారు?’ అని అమాయకంగా అడగండి. ఆయన మెరిసే తీగ చూపిస్తారు. అది దొంగనోటు పట్టడానికి పెట్టిన భద్రతా దారం, వంచితే ఆకుపచ్చ నీలంగా మారుతుంది. అలాంటి దారం 500 నోటులోనూ ఉంది. మరి జేబులోని 500కి ఫాయిల్ ఏదీ?

ఒక్క ప్రయోగం మాత్రం వద్దు: ఫోన్‌ను ఫాయిల్‌లో చుట్టి రింగ్ ఇవ్వడం. సందు లేకుండా చుడితే ఫాయిల్ నిజంగానే సిగ్నల్ ఆపుతుంది. ఫోన్ మోగలేదో, ‘చూశావా!’ అని ఆయన గెలిచినట్టే.

చెమ్మకు నోట్లు ఫాయిల్‌కి అంటుకుని ఉంటే లాగకండి, నీడన ఆరనిచ్చి అంచు నుంచి మెల్లగా విడదీయండి. చిరిగితే మొత్తం విలువ రావడానికి 109.56 చదరపు సెంటీమీటర్ల నోటులో ఒక్క ముక్కే కనీసం 88 ఉండాలి, 44 దాటితే సగమే.

ఈ నోట్లను మామూలు బ్యాంకు శాఖలు తీసుకోవడం 2023 అక్టోబరు 7తో ఆగిపోయింది. నోట్లు మాత్రం చెల్లుబాటులోనే ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ రిజర్వ్ బ్యాంక్ కార్యాలయమే దిక్కు. అక్కడ ఒకసారికి 20,000 వరకే మార్పిడి, కాబట్టి మీ 28,000 ఖాతాలో వేయించండి. వెళ్లలేకపోతే దరఖాస్తు, గుర్తింపు కార్డు నకలు, ఖాతా వివరాలతో ఏ పోస్టాఫీసు నుంచైనా పంపవచ్చు. ఈ పనికి మామయ్యగారినే పెద్దగా పెట్టండి, నోట్లు ఆయన చేత్తోనే లెక్కపెట్టించండి.

నోట్లు వెళ్లాక కూడా నిద్ర పోకపోయినా, అన్నంలో ఏదో కలిపారని అనుమానించినా అది వాట్సాప్ జబ్బు కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ లైను టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, మానసిక వైద్యుడికి చూపించండి.

పోస్టాఫీసు రసీదు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ఆయన చేతికిస్తే అదీ ఫాయిల్‌లోకి వెళ్తుంది.