ప్లేట్లు గదిలో, మిషను బాల్కనీలో

ఈ వారం ఉత్తరం ఎంవీపీ కాలనీ నుంచి. రాసినాయనకి 38 ఏళ్ళు, బ్యాంకు ఉద్యోగం. నాలుగు నెలల కిందట గుంటూరు నుంచి బదిలీ మీద విశాఖ వచ్చారు. నాలుగు పేజీల ఉత్తరంలో ముఖ్యమైన ముక్కలు ఇవీ:

“నాకు పాత గ్రామఫోన్ రికార్డులంటే ప్రాణం. గుంటూరులో ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో తెలుసు. ఇక్కడ ప్రతి ఆదివారం తిరుగుతున్నా సరైన కొట్టు కనబడలేదు. వైజాగ్‌లో మంచి రికార్డుల షాపులు ఎక్కడున్నాయో చెప్పగలరా? ఇంకో సంగతి. మా ఆవిడకి ఇవంటే గిట్టదు. ఇక్కడికొచ్చాక మరీ మూతి ముడుచుకుని ఉంటోంది. రెండో గదిలో షెల్ఫులు పెట్టించాల్సి వచ్చి ఆమె కుట్టుమిషను బాల్కనీలోకి మార్చాం. పైన పట్టా కూడా కప్పాను. గొడవలెందుకని, మొన్న 4,200 పెట్టి కొన్న మూడు ఎల్పీ రికార్డులు 600కే వచ్చాయని చెప్పాను. గుంటూరులో ఇలా దాచే అవసరం రాలేదు. ఆమెకి సంగీతం మీద ఇష్టం కలిగేలా చెయ్యడం ఎలా?”

నాయనా, షాపుల అడ్రసులు నన్నడగడం కిరాణా కొట్లో దగ్గు మందు అడిగినట్టుంది. అయినా అడిగారు గనక తెలిసింది చెప్పేసి అసలు విషయానికొస్తాను.

బోర్డు పెట్టుకున్న కొట్టు కోసం వెతక్కండి. ఈ సరుకు అటకల మీంచి దిగుతుంది. ఇంట్లో పెద్దాయన పోయాకో, పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేముందో దిగి, తిన్నగా పాత సామాన్లవాడి తూకానికి వెళ్తుంది. కాబట్టి పాతూళ్ళో, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో పాత సామాన్లు కొనేవాళ్ళనీ రేడియోలు బాగుచేసే పెద్దవాళ్ళనీ మాటల్లో పెట్టండి. కొన్నా కొనకపోయినా ఫోన్ నంబరు ఇచ్చి రండి. అన్నిటికన్నా ముందు పాత మైకుసెట్ల వాళ్ళని అడగండి. మా చిన్నప్పుడు పెళ్ళిపందిట్లో మైకుసెట్టు కుర్రాడి పక్కన చెక్కపెట్టె నిండా ప్లేట్లుండేవి, రికార్డులని అప్పట్లో అలాగే అనేవాళ్ళం. మూడు నిమిషాలకో పాట అయిపోయేది, అతగాడికి కునుకు పట్టిందా, ఊరంతటికీ కర్ర్, కర్ర్‌మని ముల్లు గీసుకునే చప్పుడే. క్యాసెట్లొచ్చి ఆ పెట్టెలన్నిటినీ మూలకి నెట్టేశాయి. అన్నీ తుక్కులోకే పోయి ఉంటాయని నేననుకోను.

ఒక రోజు విజయనగరం కూడా వెళ్ళి రండి, ఎంతో దూరం కాదు. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠాలు చెప్పిందీ, ఘంటసాల చదువుకుందీ అక్కడే. అలాంటి ఊళ్ళో అటకలు ఖాళీగా ఉండవు. కొనేముందు అట్ట మీద బొమ్మ చూసి మురిసిపోకుండా ప్లేటు బయటికి తీసి, లైటు కింద ఏటవాలుగా పట్టుకుని గీతలు చూసుకోండి. కంటికి సమానంగా ఎత్తి పట్టుకుంటే వంకర కూడా తెలుస్తుంది. ఇవన్నీ మీకు తెలిసినవే అయ్యుంటాయి.

ఎందుకంటే మీ ఉత్తరం చదివాక మీకు తెలియనిది ఒక్కటే అనిపించింది. మూడున్నర పేజీలు ప్లేట్ల గురించే రాశారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు లక్కతో చేసినవి కాబట్టి స్పిరిట్ తగిలితే పాడవుతాయి, వాటికి ముల్లు వేరు, ఎల్పీలకి వేరు. ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు, నిలబెట్టే ఉంచాలి. సముద్రపు తేమకి అట్టలు బూజు పడతాయి గనక ఆ గదిలో సముద్రం వైపు కిటికీ మూసే ఉంచుతున్నారు. బాగుంది. మరి ఆ కిటికీ అవతల ఉన్న బాల్కనీలోనే గదా మిషను పెట్టారు?

నేను ఈ ఊళ్ళో నలభై ఏళ్ళ నుంచి ఉంటున్నాను. ఏటా గ్రిల్సుకి రంగు వేయించకపోతే తుప్పు రాలి చేతికొస్తుంది. పట్టా కప్పానని గొప్పగా రాశారు, దాని కింద తేమ ఎక్కడికి పోతుంది? ఈపాటికి బాబిన్ కేసు బిగుసుకుపోయి ఉంటుంది. వెళ్ళి చేత్తో చక్రం తిప్పి చూడండి.

గుంటూరులో జాకెట్లు కుట్టి నెలకి ఏడెనిమిది వేలు సంపాదించేదనీ, ఇక్కడ ఎవరూ తెలియక “మానేసింది” అనీ మీరే ఒక చోట రాశారు. ఆమె మానేసిందా, మీరు మాన్పించారా? మీకు కొత్త ఊళ్ళో ప్లేట్ల కొట్టు దొరక్క నాలుగు నెలలుగా ఊపిరాడడం లేదు. మరి లైనింగు గుడ్డ ఎక్కడ కొనుక్కోవాలో ఆమెకి చూపించారా? డాబాగార్డెన్స్, జగదాంబ వైపు మ్యాచింగ్ సెంటర్లకి ఒక్క ఆదివారమైనా తీసుకెళ్ళారా? మీ ఆదివారాలన్నీ ఎక్కడ గడిచాయో ఉత్తరంలో వివరంగా ఉంది. ఆమెవి ఎక్కడ గడిచాయో లేదు.

మా మావగారికీ గ్రామఫోన్ ఉండేది. ఎవరూ ముట్టుకోకూడదు. మా అత్తగారు ముప్ఫై ఏళ్ళు రోజూ దాని దుమ్ము తుడిచారు. ఒక్క పాట కూడా తనకిష్టమైంది పెట్టుకోలేదు. ఆవిడకి సంగీతం ఇష్టం లేదని మావగారు అందరితో చెప్పేవారు.

ఇక ఆ 600. పెళ్ళానికి భయపడి ధర దాచే మగవాళ్ళని చూస్తే కొందరికి జాలి, కొందరికి నవ్వు. నాకు రెండూ రావు. ఆమె చేతికి సొంత రూపాయి రావడం ఆగిన ఈ నాలుగు నెలల్లోనే మీకు దాచాల్సిన అవసరం ఎలా వచ్చిందో మీకే తెలియాలి. ఆమె సంపాదిస్తున్నప్పుడు నిజం చెప్పి, మీ సంపాదన మీద బతుకుతున్నప్పుడు అబద్ధం చెబుతున్నారంటే ఆమెకి మీరిచ్చే మర్యాద దేన్నిబట్టి ఉన్నట్టు? అయినా మీరు కొనేవన్నీ ఇన్నేళ్ళుగా చూస్తున్న మనిషి, మూడు ఎల్పీలు 600కి వచ్చాయంటే నమ్మిందనుకుంటున్నారా? నమ్మలేదు. ఆ ముడుచుకున్న మూతికి అర్థం అదే.

ఆమెకి సంగీతం మీద ఇష్టం కలిగించే ఉపాయం నేను చెప్పను. అది మీకు అక్కర్లేని పని.

ఈ ఆదివారం ఎక్కడికీ వెళ్ళకండి. గదిలో ఒక షెల్ఫు తీసేసి, వెలుతురు బాగా పడేచోట మిషను పెట్టండి. తుడిచి నూనె వెయ్యండి. తిరక్కపోతే మెకానిక్కుని ఇంటికి పిలిపించండి, ఆ ఖర్చు ఎల్పీల డబ్బులోంచి పెట్టుకోండి. తర్వాత ఎదురుగా కూర్చుని 4,200 అని చెప్పండి. ఆమె ఎంతసేపు తిడితే అంతసేపు వినండి. మధ్యలో లేచి వెళ్ళి ప్లేటు పెట్టకండి.