ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కి క్యాంపర్‌వ్యాన్‌లో నాలుగు రోజులు: ఖర్చు గిట్టుబాటవుతుందా?

ఇద్దరు చిన్నపిల్లలు, బ్యాంక్ హాలిడేతో కలిపి నాలుగు రోజుల సెలవు. అద్దె క్యాంపర్‌వ్యాన్‌లో (లోపలే పడక, వంట ఏర్పాటు ఉన్న బండి) ఫ్రాన్స్ వెళ్తే హోటళ్ల కన్నా చవకపడుతుందా అని కదా మీరు అడిగింది? పడుతుంది, ప్యారిస్ జోలికి వెళ్లకపోతే. మీరు దంపతులిద్దరే అయ్యుంటే సొంత కారేసుకుని వెళ్లి ఏదో చిన్న హోటల్లో దిగమనేవాణ్ని. వ్యాన్ అద్దె తక్కువేం కాదు. మేం వెతికినప్పుడు మే మొదట్లో రోజుకి 90 పౌండ్ల చుట్టుపక్కల ఉన్న బండికి ఆగస్టులో దాదాపు రెట్టింపు చెప్పారు, పైగా వారానికి తక్కువైతే ఇవ్వమన్నారు. ఆ డబ్బు వసూలయ్యేది వంట దగ్గరా పడక దగ్గరా, అదీ నలుగురుంటేనే.

మీవి ఇండియన్ పాస్‌పోర్టులైతే ముందు వీసా లెక్క చూసుకోండి. ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉన్నా, ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా తప్పదు. పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్ల లోపు వాళ్లకి ఫ్రీ. అప్లికేషన్ సెంటర్ చార్జీ వేరే. ఈ ఒక్క ట్రిప్పు కోసమే తీసుకుంటే బాగా బరువనిపిస్తుంది, అందుకే ఆ ఏడాది ఇంకో యూరప్ ప్రయాణం కూడా అనుకుంటుంటే మల్టిపుల్ ఎంట్రీ అడగండి.

బండి బుక్ చేసేటప్పుడే ఫ్రాన్స్ తీసుకెళ్తామని చెప్పండి. ఇన్సూరెన్స్‌కి అదనంగా అడుగుతారు. అద్దె బండిని విదేశానికి తీసుకెళ్లొచ్చని చూపే వీఈ103 సర్టిఫికెట్ వాళ్లే ఇవ్వాలి, అది చేతికొచ్చాకే బయల్దేరండి. ఎత్తు కూడా అడగండి: రెండు మీటర్ల లోపైతే అక్కడి టోల్ గేట్లలో కారు రేటే, దాటితే పై క్లాసు. పైకప్పు లేపుకునే రకం బళ్లు చాలావరకు ఆ లోపే ఉంటాయి. పార్కింగ్ దారుల మీద ఇనుప కమ్మీలు అడ్డం కట్టిన చోట కూడా ఈ ఎత్తే మిమ్మల్ని కాపాడేది. బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ట్రయాంగిల్, మనిషికొక మెరుపు జాకెట్ బండిలో ఉన్నాయో లేదో చూసుకోండి.

దాటడానికి డోవర్ నుంచి ఫ్రాన్స్ రేవు కాలేకి ఫెర్రీ గంటన్నర, ఫోక్‌స్టన్ నుంచి సొరంగం రైలు 35 నిమిషాలు. డబ్బే ముఖ్యమైతే ఫెర్రీ, అదీ తెల్లారకముందో రాత్రి పొద్దుపోయాకో.

కాలేలో దిగాక అందరూ ప్యారిస్ అంటారు, డిస్నీ అంటారు. మా వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే పాట. అటు వెళ్తే టోల్, డీజిల్, ఊళ్లో పార్కింగ్, అన్నీ కలిసి మీరు మిగిల్చింది మింగేస్తాయి. దానికి బదులు తీరం పట్టుకుని దక్షిణంగా దిగండి. బూలోన్ దాకా ఏ16 మోటార్‌వేకి టోల్ లేదు, అయినా దాన్నీ వదిలేసి తీరం వెంట సాగే డీ940 రోడ్డు ఎక్కండి. కాప్ బ్లాన్-నే అనే సముద్రపు కొండ మీద ఆగితే, ఆకాశం తేటగా ఉన్న రోజున అవతల డోవర్ సున్నపు కొండలు కనిపిస్తాయి. అక్కణ్ణుంచి నిదానంగా సోమ్ నది సముద్రంలో కలిసే చోటికి రండి. సాఁ-వలేరి నుంచి పిల్లల్ని ఆవిరి రైలెక్కించొచ్చు. పక్కనే లె ఊర్దెల్ దగ్గర, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఇసుక దిబ్బల మీద సీల్ జంతువులు పడుకుని ఉంటాయి. బైనాక్యులర్లు తప్పకుండా తీసుకెళ్లండి, దగ్గరికి పోనివ్వరు. ఇంకొంచెం దిగితే లె త్రెపోర్, కొండ పైనుంచి ఊళ్లోకి కేబుల్ మీద నడిచే చిన్న రైలు పెట్టె పూర్తిగా ఫ్రీ. మా పిల్లలు దిగడం, మళ్లీ ఎక్కడం, ఇదే పని. ఇదంతా కాలే నుంచి సుమారు 150 కిలోమీటర్లే. నాలుగు రోజులకి ఇంతకన్నా దూరం వద్దు.

అసలు మిగిలేది రాత్రి బసలో. ఫ్రాన్స్‌లో చాలా ఊళ్లలో మున్సిపాలిటీ వాళ్లే క్యాంపర్‌వ్యాన్ల కోసం స్థలం కేటాయిస్తారు, 'ఏర్' అంటారు. కొన్ని ఫ్రీ, మిగతావాటిలో రాత్రికి పది పదిహేను యూరోలు, గేటు దగ్గర కార్డు పెట్టి కట్టడమే. మంచినీళ్ల కుళాయి, వాడిన నీళ్లు వదలడానికి జాలీ, టాయిలెట్ పెట్టె ఖాళీ చేసే గుంట ఉంటాయి. పొద్దున ఎనిమిదింటికి చూడాలి, పెద్దపెద్ద మనుషులు సూట్‌కేసు లాక్కొచ్చినట్టు ఆ పెట్టె లాక్కుంటూ వచ్చి, పలకరించుకుంటూ వరసలో నిలబడతారు. ఆ పని మీలో ఎవరిదో ఇంటి దగ్గరే తేల్చుకుని బయల్దేరండి! ఏర్‌లో పడుకోవచ్చు గానీ కుర్చీలు, బల్ల బయట వేయకూడదు. పిల్లలు ఆడుకోవాలంటే ఒక రాత్రి మాత్రం మున్సిపల్ క్యాంప్‌సైట్లో దిగండి, వేడినీళ్ల స్నానం కూడా దొరుకుతుంది.

తిండి సంగతి. యూకే నుంచి పాలు, పెరుగు, నెయ్యి, పనీర్, మాంసం ఏవీ ఫ్రాన్స్‌లోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు కూడా మానేయండి. బియ్యం, కందిపప్పు, పోపు దినుసులు, పులిహోర పేస్టు, నూనెలో ఊరిన ఆవకాయ చాలు. చిన్న కుక్కర్ పట్టుకెళ్లండి, రెండు బర్నర్ల పొయ్యి మీద గిన్నెలో పప్పు ఉడికేసరికి గ్యాస్ సగం అయిపోతుంది. పెరుగు అక్కడే కొనుక్కోండి, చాలా బాగుంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, శనివారమే సరుకులు చూసుకోండి.

డ్రైవింగ్‌లో కుడివైపు నడపడం అరగంటలో అలవాటవుతుంది. ఊళ్లలో బోర్డు గానీ గీత గానీ లేని కూడలి వస్తే మాత్రం కుడి పక్క సందులోంచి వచ్చే బండికి దారివ్వాలి, అది ఎంత చిన్న సందైనా సరే.

వచ్చేటప్పుడు ఫ్రిజ్ ఖాళీ చేసుకోండి. 2025 ఏప్రిల్‌లో యూరప్ నుంచి పాలపదార్థాలు, మాంసం తేవడాన్ని యూకే నిషేధించింది, కాబట్టి చీజ్ ఎంత నచ్చినా కాలే చేరేలోపే తినేయాలి. ఫెర్రీ టైముకి కనీసం రెండు గంటల ముందు పోర్టులో ఉండండి, మన పాస్‌పోర్టులకి క్యూలో కాస్త ఎక్కువ సేపే పడుతుంది.