సీఓ-8 డినైయల్‌కి టాక్సానమీ కోడ్ మార్చి మళ్లీ పంపొచ్చా?

అమెరికా మెడికల్ బిల్లింగ్‌లో ఒక కార్డియాలజిస్ట్ క్లెయిములకు వరసగా సీఓ-8 (చేసిన ప్రొసీజర్ ఆ ప్రొవైడర్ రకానికి, స్పెషాల్టీకి సరిపోలేదన్న డినైయల్) వస్తోందని, సాఫ్ట్‌వేర్‌లో టాక్సానమీ (ప్రొవైడర్ రకాన్ని, స్పెషాల్టీని చెప్పే కోడ్) సరిగ్గానే ఉన్నా వేరే కోడ్ పెట్టి పంపి చూడమని టీమ్ లీడ్ అంటున్నారని రాశారు. చేరి రెండు నెలలే అయిందన్నారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మార్చి పంపకండి. ఒకవేళ డబ్బు వచ్చినా, ఆ డాక్టరు తనది కాని స్పెషాల్టీ పేరుతో బిల్ చేసినట్టు రికార్డులో ఉండిపోతుంది. రేపు ఆడిట్‌లో దొరికితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయన.

నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా ఏఆర్ పని, అంటే బీమా నుంచి రావాల్సిన క్లెయిమ్ డబ్బు రాబట్టే పని, చేస్తున్నాను. మొదటి ఏడాది నాకూ టాక్సానమీ అంటే సాఫ్ట్‌వేర్‌లో నింపాల్సిన ఒక గడి, అంతే. అది మూడు చోట్ల ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఒకటి ఎన్‌పీఐ (ప్రొవైడర్ గుర్తింపు నంబర్) రిజిస్ట్రీలో, రెండోది పేయర్ (డబ్బు చెల్లించే బీమా సంస్థ) దగ్గరున్న ఎన్‌రోల్‌మెంట్ ఫైల్లో, మూడోది మనం పంపే క్లెయిమ్ మీద. మనకు కనిపించేది మూడోదే. తప్పు మాత్రం చాలాసార్లు మొదటి రెండింటిలో ఉంటుంది.

ఇది నాకు తెలిసొచ్చిన సంగతి చెబుతాను. ఒక ఫ్యామిలీ ప్రాక్టీస్ గ్రూపులోకి కొత్తగా నర్స్ ప్రాక్టీషనర్ వచ్చారు. ఆవిడ క్లెయిములన్నీ ఒక మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వ బీమా) ప్లాన్ నుంచి తిరిగొస్తున్నాయి. రెండరింగ్ ప్రొవైడర్ (రోగిని చూసినవారి) టాక్సానమీ తమ రికార్డుతో కలవడం లేదన్నది కారణం. మా దగ్గర ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోడ్, 363ఎల్ఎఫ్0000ఎక్స్, సరిగ్గానే ఉంది. అందుకని అదే క్లెయిమ్‌ని అలాగే మూడుసార్లు పంపాను. నాలుగోసారి పంపబోతుంటే పక్క సీట్లో ఉన్న సీనియర్ అక్క ఆపి, "రిజిస్ట్రీ తెరిచి చూశావా?" అని అడిగింది. తెరిచి చూస్తే అక్కడ ప్రైమరీగా 163డబ్ల్యూ00000ఎక్స్ ఉంది. అంటే రిజిస్టర్డ్ నర్స్. ఆవిడ నర్సుగా ఉన్నప్పుడు ఎన్‌పీఐ తీసుకున్నారు, తర్వాత చదువుకుని నర్స్ ప్రాక్టీషనర్ అయ్యారు, రిజిస్ట్రీలో మాత్రం మార్చుకోలేదు. ఆ కోడ్‌ని ఎంచుకునేది ప్రొవైడరే. ఒక ఎన్‌పీఐ కింద 15 వరకు పెట్టుకోవచ్చు, ఒకదాన్ని ప్రైమరీగా గుర్తించాలి, మార్పు ఏదైనా ఉంటే 30 రోజుల్లోపు తెలియజేయాలి. ఆ పని మనం చెయ్యలేం. క్లయింట్‌కి చెప్పి చేయించాలి.

ఆవిడ మార్చారు, ప్లాన్ వాళ్లు తమ ఫైల్ సరిచేశారు, క్లెయిములు కదిలాయి. కానీ అన్నీ కాదు. అవి డినైయల్స్ కావు, రిజెక్షన్లు. రిజెక్ట్ అయిన క్లెయిమ్ పేయర్ లెక్కలో అసలు అందనట్టే. నేను మళ్లీ మళ్లీ పంపిన వారాల్లో కొన్నిటికి టైమ్లీ ఫైలింగ్ గడువు, అంటే క్లెయిమ్ పంపాల్సిన గడువు, దాటిపోయింది. మెడికేర్‌కైతే (ముఖ్యంగా 65 దాటినవాళ్ల ప్రభుత్వ బీమా) సర్వీసు తేదీ నుంచి ఏడాది ఉంటుంది. మెడికెయిడ్‌లో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, టెక్సాస్‌లో 95 రోజులే. ఆవిడ రోగుల్ని చూసిన మాట నిజం, ఆ డబ్బు మాత్రం రాలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక మీ కార్డియాలజిస్ట్ సంగతి. టాక్సానమీ కోడ్‌లో పది అక్షరాలుంటాయి. మొదటి రెండూ ఏ రకం ప్రొవైడరో చెబుతాయి. 20 అంటే డాక్టర్లు, 36 అంటే ఫిజిషియన్ అసిస్టెంట్లు, నర్స్ ప్రాక్టీషనర్ల లాంటివాళ్లు, 28 అంటే ఆసుపత్రులు. 207ఆర్00000ఎక్స్ ఇంటర్నల్ మెడిసిన్. అదే 207ఆర్ తర్వాత సీ చేరి 207ఆర్‌సీ0000ఎక్స్ అయితే కార్డియాలజీ. అంటే కార్డియాలజీ ఇంటర్నల్ మెడిసిన్‌కి కొమ్మ లాంటిది. అందుకే ఇక్కడ పొరపాటు తరచూ జరుగుతుంది. డాక్టరు ముందు ఇంటర్నల్ మెడిసిన్ పూర్తి చేసి, తర్వాత ఫెలోషిప్ చేసి ఉంటారు. పాత కోడ్ ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది.

పేయర్ మెడికేర్ అయితే ఇంకో మెలిక ఉంది. మెడికేర్ ప్రొవైడర్ స్పెషాల్టీని చూసేది తన సొంత రెండక్షరాల కోడ్‌తో. ఇంటర్నల్ మెడిసిన్‌కి 11, కార్డియాలజీకి 06, ఇంటర్వెన్షనల్ కార్డియాలజీకి సీ3. అది పీకోస్‌లో (మెడికేర్ ఎన్‌రోల్‌మెంట్ ఆన్‌లైన్ వ్యవస్థ) చేసిన ఎన్‌రోల్‌మెంట్ నుంచి వస్తుంది, మన క్లెయిమ్ మీది టాక్సానమీ నుంచి కాదు. ఒక గ్రూపులో కార్డియాలజిస్ట్‌కి 99204 (కొత్త రోగి విజిట్ కోడ్) వరసగా డినై అవుతుంటే మా టీమ్ వారం రోజులు టాక్సానమీ చుట్టూనే తిరిగింది. చివరికి చూస్తే ఆయన మెడికేర్‌లో 11గా ఎన్‌రోల్ అయి ఉన్నారు. ఆ రోగుల్ని అదే గ్రూపులోని ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు అంతకుముందు మూడేళ్లలోపే చూశారు. ఇద్దరిదీ ఒకే స్పెషాల్టీ అన్నట్టు రికార్డులో ఉంటే ఆ రోగి కొత్త రోగి ఎలా అవుతారు? మెడికేర్ చెప్పింది వాళ్ల ఫైల్ ప్రకారం సబబే.

కాబట్టి మీరు ఈ రోజు షిఫ్ట్‌లో ముందు ఆయన ఎన్‌పీఐని రిజిస్ట్రీలో కొట్టి చూడండి. అది ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. తర్వాత క్లెయిమ్ మీద నిజంగా ఏ కోడ్ వెళ్లిందో చూడండి. సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లో ఒకటి ఉండి క్లెయిమ్‌లో ఇంకోటి వెళ్లడం నేను చూశాను. పేపర్ ఫారమ్ అయితే రెండరింగ్ కోడ్ 24జే గడి పై సగంలో, బిల్లింగ్ కోడ్ 33బీ గడిలో ఉంటాయి. ఎలక్ట్రానిక్ అయితే పీఆర్‌వీ సెగ్మెంట్‌లో బీఐ పక్కన బిల్లింగ్‌ది, పీఈ పక్కన రెండరింగ్‌ది. గ్రూప్ కోడ్ ఉండాల్సిన చోట డాక్టరు కోడ్ పడిందేమో కూడా చూడండి.

ఆ రెండూ కలిస్తే పేయర్‌కి ఫోన్ చెయ్యండి. "క్లెయిమ్ ఎందుకు డినై అయింది?" అని అడిగితే సీఓ-8 అనే మళ్లీ చదివి వినిపిస్తారు. "ఈ ఎన్‌పీఐ, ఈ ట్యాక్స్ ఐడీ కింద మీ ఫైల్లో ఏ స్పెషాల్టీ ఉంది, ఏ తేదీ నుంచి అమల్లో ఉంది?" అని అడగండి. కాల్ రెఫరెన్స్ నంబర్ నోట్స్‌లో రాసుకోండి. వాళ్ల దగ్గర ఇంటర్నల్ మెడిసిన్ అని ఉంటే ఆ నోట్స్ మీ టీమ్ లీడ్‌కి చూపించి, క్లయింట్ క్రెడెన్షియలింగ్ (ఎన్‌రోల్‌మెంట్ చూసుకునే) వాళ్లకు పంపించండి. అమలు తేదీని మాత్రం వదలొద్దు. స్పెషాల్టీని ఇవాళ్టి నుంచి మారిస్తే మీ పాత క్లెయిములు అలాగే ఆగిపోతాయి. డాక్టరు గ్రూపులో చేరిన తేదీ నుంచి వర్తించేలా మార్చమని ఆ మెయిల్లోనే అడగమనండి. అది ఖాయమయ్యాకే ఆ క్లెయిముల్ని రీప్రాసెస్‌కి పెట్టండి.